ఆఫ్రికా పంపకము: కారణవిచారము

పందొమ్మిదవ శతాబ్ది తుదిభాగమున ఐరోపాజాతులు ఆఫ్రికాఖండమును లోబఱచుకొనుటకు కారణము లెవ్వి యను ప్రశ్న మన విద్యార్థులకు పరీక్షలయందు తఱచుగ వచ్చుచుండును. సమాధానము పాఠ్యపుస్తకములలో సిద్ధముగ నున్నది. ముడిసరకుల యక్కఱ, తయారైన వస్తువులకు విపణి, మిగులుధనమునకు పెట్టుబడి, క్రైస్తవమత ప్రచారము, అన్వేషకుల సాహసము, జాతీయాభిమానము: ఈ యాఱింటిని వరుసగ వ్రాసిన బాలునకు మార్కులకు లోటుండదు. ఇందొక్కటియు నసత్యము గాదు. అయినను ఇది కారణవిచారము గాదని మా మనవి. ఉప్పు, పప్పు, చింతపండు, మిరపకాయ లని చదివినంతమాత్రమున పులుసు కాగదు. పొయ్యి యెవరు రాజేసిరి, కట్టె లెవరి పెరటివి, విస్తళ్లు ఎవరికి వేసిరి యను సంగతులు తెలిసిననే వంట తెలిసినట్లు. మన చరిత్రపుస్తకములు దినుసులు చెప్పి యూరకుండుచున్నవి. అంతకంటె హెచ్చైన లోపము మఱియొకటి కలదు. అవి యా చరిత్రను గెలిచినవారి మాటలతోనే చెప్పుచున్నవి. ఈ రెండు లోపములను విమర్శించుటయే ఈ వ్యాసమునకు విషయము.

మొదట కాలమును గమనింపవలెను. 1870 ప్రాంతమున ఆఫ్రికాలో ఇంచుమించు పదవవంతు నేలమాత్రమే ఐరోపావారి వశమున నుండెను. 1914 నాటికి పదింట తొమ్మిదివంతులు వారిదయ్యెను. ఇతియోపియా, లైబీరియాలు రెండుమాత్రమే స్వతంత్రములుగ మిగిలెను. అయితే బుడతకీచులు ఆ ఖండపు తీరమున దిగి యప్పటికి నాలుగువందల యేండ్లు దాటెను. బంగారముపై నాశ, మతమును వ్యాపింపజేయవలెనను తలంపు, సరకు లమ్ముకొను కోరిక పదునేనవ శతాబ్దిలో లేకుండెనా? అవి యన్నియు నుండగనే నాలుగువందల యేండ్లు తీరపుకోటలయందు నిలిచిపోయినవారు నలువదియేండ్లలో ఖండమంతటిని ఎట్లు మ్రింగగలిగిరి? మన తార్కికులు అన్వయవ్యతిరేకములను పరీక్షను చెప్పుదురు. ఏది యున్నప్పుడు కార్యము పుట్టునో, ఏది లేనప్పుడు పుట్టదో అదియే కారణము. పై పట్టికలోనివి పెక్కు ఈ పరీక్షకు నిలువవు.

ఐరోపా పండితులు ఈ చిక్కు నెఱుగనివారు కారు. 1902లో హాబ్సన్ అను నాంగ్లరచయిత సామ్రాజ్యతత్త్వమును గూర్చి యొక గ్రంథము ప్రకటించెను. స్వదేశమున పనివారికి కొనుశక్తి చాలక, ధనికులయొద్ద ధనము పేరుకొని, ఆ మిగులుధనమే పరదేశములను వెదకికొనెనని యతని సిద్ధాంతము. సామ్రాజ్యమువలన గుప్పెడుమంది లాభపడుదురనియు, వ్యయము జాతియంతటిమీద పడుననియు నతడు చూపిన తీరు నేటికిని చెల్లును. కాని యానాటి ఆంగ్లేయుల పరదేశపు పెట్టుబడిలో నధికభాగము అమెరికాఖండములకును ఆస్ట్రేలియాకును పోయెను. క్రొత్తగ లోబడిన ఆఫ్రికాలోని యుష్ణదేశములకు చేరినది స్వల్పము. 1961లో రాబిన్సన్, గాలగర్ అను నిరువురు వేఱుదారి పట్టిరి. ఆంగ్లమంత్రులు ఆఫ్రికాను ఆఫ్రికాకొఱకు కోరలేదట. 1869లో తెఱవబడిన సూయజు కాలువను, దానివెంట హిందూదేశమునకు పోవు త్రోవను కాపాడుకొనుటకే కోరిరట. ఈ వాదము మనకు ప్రత్యేకముగ నాలోచనీయము. మనకు వేసిన సంకెల గట్టిగ నుండుటకై మఱియొక ఖండమునకును సంకెల వేసిరన్నమాట. అయినను ఆ పండితులు ముఖ్యముగ నాధారపడినవి అధికారుల కాగితములు. అధికారి తన కాగితమున పైయధికారికి నచ్చు కారణమునే వ్రాయును. 1972లో గయానాదేశీయుడగు వాల్టర్ రోడ్నీ బానిసవ్యాపారము మొదలుకొని లెక్కకట్టి, ఆఫ్రికా వెనుకబాటునకు ఐరోపాతోడి సంబంధమే మూలమని వాదించెను. ఐరోపా కోరికలను వదలి ఆఫ్రికా యనుభవమునుండి ప్రశ్న నారంభించుట యాతని గ్రంథమందలి ముఖ్యగుణము.

ఈ వాదములను తూచు తక్కెడ మన యింటనే యున్నది. కాకినాడలో నుప్పుటేటి కావలనున్న జగన్నాథపురము ఒలందావారి వర్తకస్థానము; 1824 నాటి లండను సంధి ననుసరించి 1825లో ఆంగ్లేయుల కప్పగింపబడెను. దక్షిణమున యానాము పరాసువారిది. 1954 వఱకును వారి యేలుబడిలోనే యుండెను. దాని చేరువనే ఇంజరమున ఆంగ్లేయుల వర్తకశాల. నరసాపురము చెంత మాదపోలమున వారిదే మఱియొకటి. ఆ యూరిపేరు ఒక నూలుబట్టకు పేరై ఐరోపాభాషల నిఘంటువులలోని కెక్కినది. ఈ జాతులన్నియు గోదావరిసీమకు వచ్చినది ముఖ్యముగ బట్టకొఱకే. నేతగాండ్రకు బయానా లిచ్చి, థానులు కొని, ఓడల కెక్కించుచు, నాటి ప్రభువుల యనుమతి వేడుకొనుచు, ఈ తీరమున వారు నూఱేండ్లకు పైగ వర్తకులుగనే యుండిరి. లాభాపేక్ష యప్పుడును కలదు. రాజ్యము మాత్రము లేదు.

రాజ్యమెట్లు వచ్చెను? 1753లో నైజాము సలాబతుజంగు, పరాసు సేనాని బుస్సీకి సైన్యపు జీతముల నిమిత్తము ఉత్తరసర్కారులను వ్రాసియిచ్చెను. సైన్యము పరాసువారిది, జీతము గోదావరి రైతుది. 1758లో విజయనగరప్రభువు ఆనందగజపతి పరాసువారిపై కినిసి, మొదట చెన్నపట్టణపు టాంగ్లేయులను పిలిచెను. వారు రామి కలకత్తావారిని పిలిచెను. క్లైవు పంపగా వచ్చిన ఫోర్డు ఆ యేటి డిసెంబరునెలలో పిఠాపురము చేరువను చెందుర్తియొద్ద పరాసుసేన నోడించెను. ఆ దండు వ్యయమును భరింతునని పిలిచిన ప్రభువే యొడంబడెను. 1759 ఏప్రిలులో మచిలీపట్టణము పడెను. 1765లో ఢిల్లీ పాదుషా షాఆలము ఈ సర్కారులను కంపెనీవారికి ఫర్మానాతో నొసగెను. ఆయన కప్పటికి ఈ సీమపై నధికారము పేరునకుమాత్రమే. నిజముగ హక్కు చెలాయించుచుండిన నైజాముతో మరుసటియేడు, 1766లో, వేఱుగ సంధి చేసికొనిరి.

ఇందు నాలుగు సంగతులు తేలుచున్నవి. ఎదుటి వర్తకుడు ముందుగ నాక్రమించునేమో యను భయము వర్తకుని రాజుగ మార్చెను. ఇంటివారి కలహము బయటివానికి తలుపు తెఱచెను. జయమునకైన వ్యయము జయింపబడిన నేలయే యిచ్చెను. తనచేత లేనిదానిని దానమిచ్చినవాని కాగితము హక్కుపత్రమాయెను. బట్టకొఱకు రాకుండిన వా రిచ్చట నుండెడివారు కారు. కాని బట్టకొఱకే యైనచో రాజ్యమక్కఱలేదు. మూలకారణమునకును నిర్ణాయకకారణమునకును భేద మిదియే.

ఇప్పుడు ఆఫ్రికాకు పోవుదము. ఈజిప్టు పాలకుడు ఇస్మాయిలు ఐరోపా వడ్డీవ్యాపారులకు బాకీపడి 1875లో సూయజు కాలువలోని తన వాటాలను ఆంగ్లప్రభుత్వమున కమ్మెను. 1876లో దివాలా తీసెను. బాకీ వసూలునకై ఆంగ్లేయులును పరాసులును ఆ దేశపు ఖజానాపై కూర్చుండిరి. దానిని సహింపక అరబీపాషా యను సేనాని వెంట ప్రజలు లేవగా 1882లో ఆంగ్లసేన దిగెను. ఆ సేనలో మనదేశపు సిపాయీలును నుండిరి; వారి వ్యయములో కొంత మన ఖజానాపై పడెను. ఈజిప్టు ఆంగ్లేయుల కైనందున పరాసువారు పడమట తొందరపడిరి. 1873 మొదలు ఐరోపాలో వర్తకము మందగించి, ఒక్కొక్క రాజ్యము తన వాకిట సుంకపుగోడ కట్టుకొనుచుండెను. నేడు మనము తీసికొనని నేల రేపు పరుని సుంకపుగోడలోపల బడునని ప్రతివాడును తలంచెను. వలసరాజ్యములు వ్యర్థవ్యయమని చిరకాలము పలికిన జర్మనీ మంత్రి బిస్మార్కే 1884, 1885 సంవత్సరములలో టోగో, కామెరూను, నైరృతి ఆఫ్రికా, తూర్పు ఆఫ్రికాలపై తన జెండా నెత్తించెను. ఇది చెందుర్తినాటి భయమే. అప్పు డిరువురు వర్తకులకు, ఇప్పుడు అయిదాఱు రాజ్యములకు.

ఐతే చెందుర్తినాడు లేని సామగ్రి కొంత ఈనాడు చేరెను. క్వయినా మందు చలిజ్వరపు భయమును తగ్గించెను. పొగయోడలు నదులవెంట లోనికి పోగలిగెను. 1884లో నిర్మింపబడిన మాగ్జిము ఫిరంగి నిముసమునకు వందలకొలది గుండ్లు కురిపించెను. 1898లో సూడానునందు ఓందుర్మానుయొద్ద ఒక్క పూటలో పదివేలమందికి పైగ సూడానీయులు హతులైరి. గెలిచినపక్షమున చచ్చినవారు ఏబదిమందికి లోపు. జయింప నింత చవుక యైనప్పుడు జయింపవలెనను కోరికకు అడ్డమేమున్నది? కాబట్టి మా నిర్ణయ మిది. ఆశలు పాతదినుసులు. ఒకరినొకరు మించవలెనను పోటీయు, చవుకగ చంపగల సాధనములును పొయ్యి రాజేసిన నిప్పు. కట్టెలు మాత్రము ఆఫ్రికాలోని కలహములు, ఆఫ్రికాలోని పన్నులు, మన సిపాయీలు. విస్తళ్లు కొలదిమంది వర్తకులకును, గనుల యజమానులకును, బిరుదులు కోరిన సేనానులకును.

ఇక మాటల విచారము. 1884 నవంబరు 15 మొదలు 1885 ఫిబ్రవరి 26 వఱకు బెర్లిను నగరమున పదునాలుగు రాజ్యముల ప్రతినిధులు కూడి ఆఫ్రికాతీరము నాక్రమించుటకు నియమము లేర్పఱచుకొనిరి. ఆ సభలో ఆఫ్రికావా డొక్కడును లేడు. దీనిని మన పుస్తకములు 'ఆఫ్రికా విభజనము' అనుచున్నవి. సభలోనే గీతలు గీచి పంచుకొనిరనుట సరిగాదు. గీతలు తరువాతి సంధులలో ఏర్పడినవి. అది యట్లుండనిండు. 'విభజనము' అను మాట మనకు ధర్మశాస్త్రములనుండి వచ్చినది. దాయవిభాగమున పంచుకొనువారు దాయాదులై యుండవలెను. పంచుకొనునది పిత్రార్జితమై యుండవలెను. అన్నదమ్ములు పంచుకొనిన పొలము పంపకము. పొరుగూరివారు కూడి మన పొలమును పంచుకొనిన దానిని పంపకమని యే మునసబు వ్రాయును? చాటున హరించుటకు స్తేయమనియు, యజమాని యెదుటనే బలిమిని హరించుటకు సాహసమనియు స్మృతికర్తలు వేఱువేఱు పేరు లుంచిరి. ఇది రెండవది. మనకు తగిన మాట యుండగ తగనిమాట నేల యెరువు తెచ్చుకొనవలెను?

'సంరక్షితరాజ్యము' అను మాటయు నిట్టిదే. ఇతియోపియా చక్రవర్తి మెనెలికు 1889లో ఇటలీతో వుచాలేయొద్ద సంధి చేసికొనెను. సంధిపత్రము రెండుభాషలలో నున్నది. పదునేడవ నిబంధన ప్రకారము చక్రవర్తి ఇతరరాజ్యములతోడి వ్యవహారములను ఇటలీద్వారా 'నడపవచ్చును' అని ఆమ్హారికు భాషలో నుండెను. 'నడపవలెను' అని ఇటలీవారి ప్రతికి అర్థమాయెను. వచ్చును, వలెను అను రెండు క్రియలనడుమ నొక రాజ్యముయొక్క స్వాతంత్ర్యము వ్రేలాడెను. విధియు అనుజ్ఞయు వేఱని మీమాంసకులు పుటలకొలది వాదించుట చూచి నవ్వువారు ఈ సంధిని చదువవలెను. ఇతియోపియా ఇటలీకి సంరక్షితరాజ్యమని ఐరోపాకు చాటబడెను. మెనెలికు 1893లో సంధిని త్రోసిపుచ్చెను. 1896 మార్చి 1వ తేదీన ఆడువాయొద్ద ఇటలీసేనను పూర్తిగ నోడించి తన వ్యాకరణమును నిలువబెట్టుకొనెను. అందఱి కట్టి బలము లేదు. 1888లో మాటబెలేరాజు లోబెంగులా గనుల హక్కుపత్రముపై ముద్ర వేసినప్పుడు పదిమందికి మించి తెల్లవారు త్రవ్వుటకు రారని నోటితో చెప్పిరి. కాగితముపై నామాట లేదు. మోసమని తెలిసి యాతడు విక్టోరియారాణియొద్దకు దూతల నంపెను. 1889లో రోడ్సు కంపెనీకి రాణి సన్నదే లభించెను. 1893లో యుద్ధముతో నా రాజ్యము పోయెను. చదువురానివానిచేత వేలిముద్ర వేయించుకొని పొలము వ్రాయించుకొను వడ్డీవ్యాపారిని మన గ్రామములయందు చూచినవారికి ఈ కథకు వ్యాఖ్య యక్కఱలేదు.

'నాగరికతావ్యాప్తి' అను మాటకు కొంత ఓపికతో సమాధానము చెప్పవలెను. తూర్పు ఆఫ్రికాలో బానిసవ్యాపారము నిజముగనే సాగుచుండెను. దానిని మాన్పవలెనని నిష్కపటముగ పాటుపడిన ఐరోపావారును కలరు. కాని యా దయనే ముసుగుగ గప్పుకొని బెల్జియమురాజు రెండవ లియొపోల్డు 1885లో కాంగోను తన సొంతజమీగ చేసికొనెను. రబ్బరు తగినంత తేనివారిని చంపుటయు, చేతులు నఱకుటయు నచ్చట పరిపాటి యాయెను. 1904లో వెలువడిన రోజరు కేస్మెంటు నివేదికవలనను మోరెల్ మున్నగువారి యాందోళనమువలనను లోకమునకు తెలిసి, 1908లో రాజు దానిని బెల్జియము ప్రభుత్వమునకు వదలవలసివచ్చెను.

ఇచ్చట నొక యాక్షేపము రావచ్చును. ధవళేశ్వరపు ఆనకట్టను కట్టినది ఆంగ్లేయులు గారా? కాటనుదొర లేనిచో మన డెల్టాలో అన్నమెక్కడిది? ఈ ప్రశ్న న్యాయమైనదే. ఆనకట్ట 1847లో నారంభమై 1852లో ముగిసెను. దానివలన కలిగిన మేలును గోదావరిసీమవా రెవ్వరును మఱువరు, మఱువరాదు. కాని ఫలము వేఱు, ప్రయోజనము వేఱు. సర్కారులు కంపెనీకి లభించినది 1765లో. ఆనకట్ట ముగిసినది 1852లో. నడుమ ఎనుబదియేడేండ్లు. ఆ నడుమ 1833 నాటి ఘోరమైన కరవు వచ్చెను. నీళ్లిచ్చుటకే వచ్చినవారైనచో ఇన్నాళ్లేల యాగిరి? కాటను తన విన్నపమును నెగ్గించుకొనుటకు ఈ జిల్లా రాబడి తగ్గిపోవుచున్నదని, నీరిచ్చిన పెరుగునని ప్రభుత్వమునకు లెక్కలు చూపవలసివచ్చెను. ఆయన హృదయము వేఱు, ఆ లెక్కలు కోరిన ప్రభుత్వపు హృదయము వేఱు. ఆఫ్రికాలోని రైలుదారులను, వైద్యశాలలను గూర్చి విచారించునప్పుడును ఈ భేదమును పాటింపవలెను. మేలును మేలనవచ్చును, మేలు చేయుటకే వచ్చిరనుట మాత్రము చరిత్ర గాదు.

'శాంతిస్థాపన' అను మాటను మన మన్యమువా రెఱుగుదురు. 1879లో రంపదేశమున కొండవారు తిరుగబడిరి. కల్లుపై క్రొత్తగ వచ్చిన పన్నును, మునసబుదారు దౌష్ట్యమును వారు సహింపలేకపోయిరి. దొరల కాగితములలో దానికి 'ఫితూరి' యని పేరు. 1898లో సియెరాలియోనునందు గుడిసెకింత యని పన్ను వేసినప్పుడు ప్రజలు తిరుగబడిరి. 1905లో జర్మనీవారి తూర్పు ఆఫ్రికాలో ప్రత్తిని నిర్బంధముగ సాగుచేయించినందున 'మాజీ మాజీ' సమరము పుట్టెను. కల్లుకుండకు పన్నైనను, గుడిసెకు పన్నైనను తత్త్వ మొక్కటియే: జయింపబడినవాడు తన్ను జయించిన దండునకు జీత మిచ్చుకొనవలెను. ఈయనిచో నతడు శాంతికి శత్రువు.

తుదకు మన పాలు. కోరమాండలుతీరమున నేసిన బట్టలు ఒకకాలమున పడమటి ఆఫ్రికాలో మనుష్యులను కొనుటకు వెలగ చెల్లినవి. అందుచేతనే కొన్నిటికి 'గినీగుడ్డ' యని పేరు వచ్చెను. బానిసత్వము రద్దయిన పిమ్మట ఆ చెఱకుతోటలలో పనిచేయుటకు 1834 మొదలు మారిషసునకును, 1860 మొదలు నేటాలునకును మన కూలివారిని ఒడంబడికలపై దీసికొనిపోయిరి. కోరంగి రేవున నోడ లెక్కినందున మారిషసులోని తెలుగువారికి కోరంగివారను పేరు నిలిచినది. నేటాలుతోటలనుండి వెలువడిన తెలుగువారు 1931లో ఆంధ్రమహాసభను స్థాపించుకొని భాషను కాపాడుకొనిరి. వారి పూర్వులకును ఆ ఖండపువారికిని కొరడా పట్టిన చేయి యొక్కటియే.

అట్టి సంబంధము కలిగియు మన యిండ్లలో ఆఫ్రికావారిని గూర్చి పలుకు మాట లెట్టివి? 'చీకటిఖండము' అను పేరు 1878లో స్టాన్లీ తన యాత్రాగ్రంథమునకు పెట్టుకొనినది. మన పుస్తకములు దానిని పరీక్షింపకయే తెచ్చుకొనినవి. ఆంగ్లసాహిత్యమున మిగుల ప్రశంస గాంచిన కాన్రాడు నవలలో కాంగోదేశము చీకటిగను, అచ్చటివారు మాటరాని నీడలుగను కనబడుచున్నారని 1975లో నైజీరియా రచయిత చినువా అచెబె నిర్మొగమాటముగ విమర్శించెను. ఆ నవల కాంగోలోని దోపిడిని ఖండించుచున్నదను మాటయు నిజమే. దోపిడిని ఖండించుచునే దోపిడికి గుఱియైనవానిని మనుష్యుడుగ చూడకుండవచ్చునని ఈ విమర్శవలన మనము నేర్చుకొనవలెను. మనమును ఆంగ్లేయుల పాలనను నిందించుచు, పిల్ల నలుపని సంబంధము త్రిప్పివేయుచున్నాము. ఆఫ్రికా విద్యార్థి మన పట్టణములలో అద్దెయిల్లు వెదకుచు వచ్చినచో వాకిలి వేయుచున్నాము. రాజ్యము పోయిన పిమ్మటను రాజ్యము నేర్పిన తక్కెడ మన యింటనుండి పోలేదు.

ఉపాధ్యాయులకును, పిల్లలచేత చరిత్ర చదివించు తల్లిదండ్రులకును మా విన్నపము స్వల్పము. బాలుడు 'కనుగొనిరి' యని చదివినప్పుడు, అంతకుముందు అచ్చట నున్నవారు దానిని ఏమని పిలుచుచుండిరో యడుగుడు. 1855లో లివింగ్‌స్టను చూచి రాణిపేరు పెట్టిన జలపాతమునకు 'మ్రోగుపొగ' యను నర్థముగల పేరు అంతకుముందే కలదు. 'సంధి' యని చదివినప్పుడు, ఏ భాషలో వ్రాసిరో, ఎవరు చదివి వినిపించిరో యడుగుడు. 'వ్యయము' అని చదివినప్పుడు, ఎవరి సంచినుండి వచ్చెనో యడుగుడు. పిమ్మట వానిని జగన్నాథపురమునకో, యానామునకో, చెందుర్తికో తీసికొనిపోయి అవే ప్రశ్నలు మరల వేయుడు. పట్టిక నప్పుడు మఱచినను నష్టములేదు.